పడక పుండా, ఒత్తిడి గాయమా? ఒక పేరు మార్పుపై వైద్యుల వాదన

దీర్ఘకాలం మంచం పట్టినవారికి, చక్రాల కుర్చీలో గంటల తరబడి కూర్చునేవారికి నడుము కింద, పిరుదులపై, తుంటి పక్కన, మడమల వద్ద చర్మం చెడి పుండు పడటం అందరూ ఎరిగినదే. తెలుగువారు దీనిని పడక పుండు అంటారు. బెడ్‌సోర్ అన్న మాట కూడా ఇళ్ళలో బాగా నలిగినదే. అయితే ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ఈ పేర్లు కనిపించకపోవచ్చు. ఒక వైద్యుడు ‘డెక్యుబిటస్ అల్సర్’ అని వ్రాస్తారు. మరొకరు ‘ప్రెషర్ అల్సర్’ అంటారు. ఇటీవల శిక్షణ పొందిన నర్సు ‘ప్రెషర్ ఇంజరీ, స్టేజ్ 2’ అని నమోదు చేస్తారు. మూడు కాగితాలు చేతబట్టుకున్న కుటుంబం తమవారికి మూడు వేర్వేరు రోగాలు వచ్చినవేమోనని కలవరపడటం సహజం.

రోగం ఒక్కటే. పేర్లు మాత్రమే మారుతూ వచ్చినవి. ఆ మార్పు పదాల ముచ్చట మాత్రమే కాదు. హాని ఎప్పుడు మొదలైనట్టు లెక్క? దానికి బాధ్యులు ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు ఒక్కొక్క పేరు ఒక్కొక్క సమాధానం చెప్తుంది. అందుకే పుండ్ల చికిత్సలో ఆరితేరిన వైద్యులు, నర్సులు ఈ పేరు విషయమై ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారు. ఇంట్లో రోగిని చూసుకునేవారికి కూడా ఆ వాదన తెలిసి ఉండటం మేలు.

పాత పేర్లు దేనిని చూపినవి?

‘డెక్యుబిటస్’ లాటిన్ మూలం గల మాట. పడుకొని ఉండటం అని దాని భావం. అంటే ఆ పేరు చూపేది రోగి భంగిమను. మన పడక పుండు, ఇంగ్లీషు బెడ్‌సోర్ చూపేది పడకను. కారణం ఏమిటో ఈ పేర్లలో ఏదీ చెప్పదు.

కారణం గురించిన వివాదం 19వ శతాబ్దంలోనే నడిచింది. వెన్నుపాము, మెదడు దెబ్బతిన్నవారికి ఈ పుండ్లు త్వరగా పడటం గమనించిన ఫ్రెంచి నాడీవైద్యుడు షార్కో, నరాల చెడుగు వల్లనే చర్మం కుళ్ళుతుందని భావించాడు. ఆ లెక్కన నర్సు చేయగలిగినది స్వల్పం. దీనికి విరుద్ధంగా బ్రౌన్ సెకార్ అనే శాస్త్రజ్ఞుడు, పక్షవాతం కలిగించిన జంతువులను ఒత్తిడి నుండి, తడి నుండి కాపాడితే పుండ్లు పడవని ప్రయోగం ద్వారా చూపాడు. 1873లో లండన్ శస్త్రవైద్యుడు జేమ్స్ పాజెట్ ఈ పుండ్లపై ప్రసంగిస్తూ, ఒత్తిడి వల్ల శరీరభాగం నిర్జీవమై ఊడిపోవడమే ఇవి అని వివరించాడు. అంతకు ముందే, 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ తన పరిచర్యా గ్రంథంలో, రోగికి పడక పుండు పడితే తప్పు సాధారణంగా రోగానిది కాక పరిచర్యది అన్న అభిప్రాయం వెలిబుచ్చింది. నేటికీ ఆ మాట నర్సుల మనసులలో బరువుగానే ఉన్నది.

20వ శతాబ్దంలో ఒత్తిడి పాత్ర స్థిరపడింది. ఎముక పొడుచుకొని ఉన్న చోట, పైనుండి శరీర భారం, కింది నుండి పరుపు లేక కుర్చీ కలిసి మధ్యనున్న మాంసాన్ని అదిమివేస్తాయి. సన్నని రక్తనాళాలు మూసుకుపోయి ఆ భాగానికి ప్రాణవాయువు అందదు. అతి ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు ఉన్నా, తక్కువ ఒత్తిడి ఎక్కువసేపు ఉన్నా కణజాలం చచ్చిపోతుందని 1959లో కోసియాక్ ప్రచురించిన జంతు పరిశోధన తెలిపింది. తలవైపు మంచం ఎత్తినప్పుడు రోగి మెల్లగా కిందికి జారితే, చర్మం పరుపుకు అంటుకొని ఉండగా ఎముక మాత్రం కదులుతుంది. ఆ ఈడ్పు వల్ల కూడా లోపలి నాళాలు తెగుతాయి. ఇవన్నీ తెలిసిన తరువాత ‘ప్రెషర్ సోర్’, ‘ప్రెషర్ అల్సర్’ అన్న పేర్లు వచ్చినవి. పేరులో పడక పోయి ఒత్తిడి చేరింది.

ఇది చిన్న మార్పు కాదు. పడక పుండు అన్నంతకాలం కుర్చీలో కూర్చునేవారిపై ఎవరి దృష్టీ పడదు. వెన్నుపాము దెబ్బతిన్న యువకుడు మంచంపై కాక చక్రాల కుర్చీలోనే పగలంతా గడుపుతాడు. స్పర్శ లేనందున పిరుదుల ఎముకల కింద మాంసం చితికినా నొప్పి తెలియదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1966లో పునరావాస సంస్థ ఏర్పడటానికి కారకురాలైన డాక్టర్ మేరీ వర్గీస్ స్వయంగా 1954 నాటి రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చొనే శస్త్రచికిత్సలు చేసిన వైద్యురాలు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి పునరావాస కేంద్రాలలో నేర్పే తొలి పాఠాలలో ఒకటి, అద్దం పెట్టుకొని తన చర్మాన్ని తానే ప్రతిదినం చూసుకోవడం. చేతులపై బరువు మోపి మాటిమాటికీ పిరుదులను కుర్చీ నుండి పైకెత్తడం. వారికి ముప్పు పడక వల్ల కాదు, ఒత్తిడి వల్ల.

2016లో వచ్చిన మార్పు

పుండు లోతును బట్టి దశలుగా విభజించే పద్ధతిని 1975లో షే అనే శస్త్రవైద్యుడు ప్రతిపాదించగా, 1989లో అమెరికా జాతీయ సలహా మండలి నాలుగు దశల విభజనను వ్యాప్తిలోకి తెచ్చింది. మొదటి దశలో చర్మం తెగదు. వ్రేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకుండా నిలుస్తుంది. రెండవ దశలో పైచర్మం ఊడి లోచర్మం బయటపడుతుంది, లేదా నీటిపొక్కు లేస్తుంది. మూడవ దశలో చర్మమంతా పోయి కొవ్వు కనిపిస్తుంది. నాలుగవ దశలో కండ, నరపు పట్టీ లేక ఎముక బయటపడుతుంది. 2007లో మరి రెండు వర్గాలు చేరినవి. నల్లని పెచ్చు లేక పసుపు పొర కప్పి ఉన్నందున లోతు తెలియనిది ఒకటి. చర్మం తెగకుండానే ఊదా లేక ముదురు ఎరుపు రంగుకు కమిలి, లోపల మాంసం చెడినదని అనుమానింపజేసేది మరొకటి.

ఇక్కడే చిక్కు వచ్చింది. అల్సర్ అంటే చర్మం తెగి ఏర్పడిన పుండు. కాని మొదటి దశలో చర్మం చెక్కుచెదరలేదు. లోపలి హాని ఉన్న వర్గంలోనూ చర్మం తెగలేదు. పుండే లేనిదానిని పుండు అని ఎలా పిలవడం? ఈ వైరుధ్యాన్ని తొలగించడానికి అమెరికా మండలి 2016 ఏప్రిల్‌లో షికాగో సమీపంలో సుమారు 400 మంది నిపుణులతో సమావేశం జరిపి, ‘ప్రెషర్ అల్సర్’ స్థానంలో ‘ప్రెషర్ ఇంజరీ’ అనే పేరును నిర్ణయించింది. ఇంజరీ అంటే గాయం, హాని. చర్మం తెగినా తెగకపోయినా ఆ మాట వర్తిస్తుంది. రోమన్ అంకెలకు బదులు 1, 2, 3, 4 అని వ్రాయాలని కూడా నిశ్చయించారు. వైద్య పరికరాల వల్ల కలిగే గాయాలకు, నోరు, ముక్కు లోపలి సున్నితపు పొరల గాయాలకు ప్రత్యేకమైన పేర్లు ఇచ్చారు. 2019లో ఆ మండలి తన పేరులోని ‘అల్సర్’ను సైతం ‘ఇంజరీ’గా మార్చుకున్నది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, హాంకాంగ్ నిపుణులు కలిసి 2012లో వెలువరించిన మార్గదర్శిలో అప్పటికే ఆ పేరును వాడారు.

సమర్థించేవారి మాట

కొత్త పేరును మెచ్చిన వైద్యుల వాదన సూటిగా ఉంటుంది. పుండు అన్న మాట వినగానే అందరూ రంధ్రం కోసం చూస్తారు. అది కనిపించనంతవరకు హాని లేదనుకుంటారు. నిజానికి లోతైన హాని తరచు ఎముకను ఆనుకొని ఉన్న కండలో మొదలై, రెండు మూడు దినాల తరువాత గాని చర్మంపై రంగుగా తేలదు. గాయం అని పిలిస్తే, చర్మం తెగకముందే జాగ్రత్తపడే అలవాటు కలుగుతుందని వారి ఆశ.

పరికరాల విషయం రెండవ కారణం. ప్రాణవాయువు గొట్టం చెవి వెనుక, ముఖానికి బిగించిన మాస్కు ముక్కు దూలంపై, పిండికట్టు మడమపై ఒత్తి గాయం చేయగలవు. వీటిలో పడక ప్రసక్తి లేదు; పలుమార్లు పుండు కూడా ఉండదు. కోవిడ్ కాలంలో శ్వాస కోసం రోగులను గంటల తరబడి బోర్లా పడుకోబెట్టినప్పుడు నుదురు, చెంప, గడ్డం మీద ఇటువంటి గాయాలు కలిగినవి. వెన్నుకే పరిమితమైన పాత పేరు వీటికి చాలదు.

సందేహించేవారి మాట

సందేహించేవారి ప్రధాన భయం నిందకు సంబంధించినది. గాయం అంటే ఎవరో చేసినది అన్న ధ్వని ఉన్నది. కోర్టులో న్యాయవాది ‘రోగి మీ సంరక్షణలో ఉండగా గాయపడ్డాడా, లేదా?’ అని ప్రశ్నిస్తే, ‘ఇంజరీ’ అని తన చేతితో వ్రాసిన నర్సు ఏమి చెప్పగలదు? గాయానికి చట్టపరమైన నిందార్థం లేదని, కణజాలానికి కలిగిన హాని అన్నంతే దాని భావమని సమర్థకులు జవాబిచ్చారు. కాని నిఘంటువు చెప్పే అర్థం వేరు, సామాన్యుని చెవికి తోచే అర్థం వేరు.

డబ్బు వ్యవహారం ఈ భయాన్ని పెంచింది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ వైద్యబీమా 2008 అక్టోబరు నుండి, ఆసుపత్రిలో చేరిన తరువాత ఏర్పడిన 3, 4 దశల పుండ్లకు అదనపు చెల్లింపు నిలిపివేసింది. మన దేశంలోనూ ఆసుపత్రుల నాణ్యతా గుర్తింపు సంస్థ ఎన్.ఏ.బి.హెచ్. కొలమానాలలో, చేరిన తరువాత పడిన ఒత్తిడి పుండ్ల సంఖ్య ఒకటి. లెక్కకు ఎక్కేదానిని ఏమని పిలవాలన్నది అందుచేత నామమాత్రపు విషయం కాజాలదు.

మరికొందరి సందేహం మరణాసన్నుల గురించినది. ప్రాణం పోయే ముందు గుండె, మూత్రపిండాల వలెనే చర్మం కూడా విఫలమవుతుందని, ఎంత శ్రద్ధగా పక్క మార్చినా కొందరికి పుండు పడక తప్పదని వారు చెప్తారు. మరణానికి కొద్ది దినాల ముందు వెన్ను దిగువన హఠాత్తుగా కనిపించే పుండును 1989లోనే కెనడీ అనే నర్సు వర్ణించగా, అది ఆమె పేరుతో ప్రసిద్ధమైనది. అటువంటిదానిని గాయమని పిలిస్తే, తల్లికి చివరి వరకు ఊడిగం చేసిన కూతురు తన చేతి తప్పిదమే అనుకొని జీవితాంతం కుమిలిపోదా? ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు.

యూరప్ మండలి ‘అల్సర్’ అన్న మాటను విడవలేదు. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సేవ 2018లో ఇచ్చిన సూచనలు కూడా ‘ప్రెషర్ అల్సర్’నే వాడమన్నవి. పుండ్లను నివారింపదగినవి, నివారింపరానివి అని విభజించే అలవాటును మాత్రం మానమన్నవి. ఏ పుండు నుండైనా పాఠం నేర్వవలసిందేనన్నది దాని వెనుక ఉద్దేశం. 2019 అంతర్జాతీయ మార్గదర్శి రెండు మాటలనూ గీత గీసి పక్కపక్కనే వ్రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక 11వ కూర్పులోనూ అల్సర్‌కు సంబంధించిన మాటే ఉన్నది. కనుక రెండు పేర్లూ ఇంకా కొంతకాలం సహజీవనం చేయక తప్పదు.

దశలా, తరగతులా?

పేరుతో పాటు అంకెల విషయంలోనూ భేదం ఉన్నది. అమెరికాలో ‘స్టేజ్’ అంటారు, ఇంగ్లండులో ‘కేటగిరీ’ అంటారు. దశ అనగానే ఒకటి నుండి నాలుగు వరకు మెట్లు ఎక్కుతుందని, మానేటప్పుడు అదే వరుసలో దిగుతుందని తోస్తుంది. రెండూ పొరపాటే. లోపలి నుండి వచ్చిన హాని నేరుగా నాలుగవదిగా బయటపడవచ్చు. నాలుగవ దశ పుండు మానుతున్నప్పుడు పోయిన కండ తిరిగి రాదు. ఆ చోటును మచ్చ కణజాలం పూడుస్తుంది. అందువలన మానుతున్న పుండును ‘మానుతున్న 4వ దశ’ అనాలి గాని, ‘ఇప్పుడు 2వ దశకు దిగింది’ అనకూడదు. మానిన తరువాత కూడా ఆ చోటు బలహీనమైనదేనన్న సంగతి కాగితంలో నిలిచి ఉండాలి.

మన భాషలలో ఏమనాలి?

కన్నడంలో హాసిగె హుణ్ణు, తమిళంలో పడుక్కైప్ పుణ్, మరాఠీలో శయ్యావ్రణ, తెలుగులో పడక పుండు. ఈ నాలుగు పేర్లూ పడకనే చూపుతాయి. హుణ్ణు, పుణ్, పుండు ఒకే ద్రావిడ మూలానికి చెందిన తోబుట్టువులు కూడా. ఇంటిలో తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడే కుటుంబాలకు ఏ ఆసుపత్రికి వెళ్ళినా పడక పేరే వినబడుతుంది. ఒత్తిడి పేరు అరుదు.

కొత్త పేరును ‘ఒత్తిడి గాయం’ అని తెనిగించడంలో రెండు ఇబ్బందులున్నవి. నేడు ఒత్తిడి అనగానే ఉద్యోగపు, పరీక్షల మానసిక ఒత్తిడి గుర్తుకు వస్తుంది. గాయం అనగానే దెబ్బ, పోలీసు కాగితం గుర్తుకు వస్తాయి. ఇంగ్లీషులో వైద్యులు జడిసిన నిందార్థం తెలుగులో మరింత బలంగా ధ్వనిస్తుంది.

అయితే తెలుగుకు ఒక సదుపాయం కూడా ఉన్నది. పుండు పడకముందు చర్మానికి జరిగేవాటికి మన ఇళ్ళలో విడివిడిగా మాటలున్నవి. ఎర్రబడితే కందింది అంటారు. నల్లబడి లోపల దెబ్బ తగిలినట్లుంటే కమిలింది అంటారు. గుడ్డకు, పరుపుకు రాచుకొని పైపొర లేస్తే ఒరుసుకుపోయింది అంటారు. అంతర్జాతీయ నిపుణులు సమావేశం పెట్టి తేల్చుకున్న భేదం ఈ మాటలలో సహజంగానే ఉన్నది. వృద్ధుని పిరుదు కందిందని, మడమ కమిలిందని ఇంటివారు చెప్పగానే, నర్సు దానిని పుండుకు ముందటి మాటగా కొట్టివేయక, హాని మొదలైనదన్న కబురుగా తీసుకోవడం అవసరం.

చర్మపు రంగు సంగతి

మొదటి దశకు గుర్తు ఎరుపు అని పుస్తకాలలో ఉన్నది. ఆ వర్ణన తెల్లని చర్మానికి సరిపోయినంతగా మనవంటి చామనఛాయ, నలుపు చర్మాలకు సరిపోదు. మన చర్మంపై ఆ ఎరుపు కంటికి ఆనకపోవచ్చు. చుట్టుపక్కల కంటె నల్లగా, నీలంగా, మెరుస్తున్నట్లుగా కనిపించవచ్చు. కాబట్టి కంటితో పాటు చేతినీ నమ్మాలి. పక్క చర్మంతో పోల్చి ఆ చోటు వేడిగా లేక చల్లగా ఉన్నదా, గట్టిబడినదా లేక మెత్తబడినదా, తాకితే నొప్పి అంటున్నారా అని చూడాలి. స్పర్శ లేనివారు నొప్పి చెప్పలేరని మరువరాదు.

ఇంటిలో చేయవలసినవి

పేరు ఏదైనా, ఒత్తిడి తొలగించడమే మందు. తానుగా కదలలేని రోగికి పక్క మార్చే వ్యవధిని రెండు గంటలుగా ఆసుపత్రులలో తరచు పాటిస్తారు. రోగి స్థితిని, పరుపును బట్టి దానిని వైద్యుడు లేక నర్సు నిర్ణయించాలి. పూర్తిగా పక్కకు తిప్పి తుంటి ఎముకపై భారం మోపడం కంటె, వీపు వెనుక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు వాల్చడం మేలు. తల వైపు మంచం ఎక్కువసేపు నిటారుగా ఎత్తి ఉంచితే రోగి జారుతాడు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచాలి. కుర్చీలో కూర్చునేవారు 15 నుండి 30 నిమిషాలకు ఒకసారి భారం మార్చుకోవాలి.

కందిన చోట గట్టిగా మర్దన చేయకూడదు. లోపల చితికిన కణజాలం దానివలన మరింత చెడుతుంది. రంధ్రం గల గుండ్రని దిండు చుట్టూ ఉన్న చర్మాన్ని ఒత్తి రక్తప్రసారాన్ని అడ్డుకుంటుంది కనుక దానిని వాడరాదు. గాలి పరుపు సహాయపడుతుంది, కాని అది ఉన్నదని పక్క మార్చడం మానరాదు. మూత్రం, చెమట తడి వలన చర్మం ఒరిసిపోవడం వేరు సమస్య. రెండూ కలిసి రావచ్చు కనుక తడిని వెంటనే తుడిచి ఆరనివ్వాలి. పప్పు, గుడ్డు, పాలు వంటి మాంసకృత్తుల ఆహారం తగినంత అందాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి తీసుకోవాలి. చీము, దుర్వాసన, జ్వరం, నల్లని పెచ్చు కనిపించినా, పుండు లోతుగా ఉన్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాగితాల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. ఆసుపత్రిలో చేరేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు రోగి వీపు, పిరుదులు, మడమలు నర్సుతో కలిసి చూడటం, ఏ చోట ఏ దశలో ఏమున్నదో తేదీతో వ్రాయించుకోవడం మంచిది. శస్త్రచికిత్స బల్లపై గంటల తరబడి కదలక పడుకున్నప్పుడు జరిగిన హాని ఇంటికి వచ్చిన రెండవ నాడో మూడవ నాడో కమిలినట్లు బయటపడవచ్చు. నమోదు లేనప్పుడు ఆ నింద ఇంట్లో చూసుకునే కోడలిపైనో, జీతానికి కుదిరిన ఆయాపైనో పడుతుంది. ఇంట్లో మొదలైనదానికి నింద ఆసుపత్రి నర్సుపై పడటమూ ఇటువంటిదే. ఆ కాగితంలో అల్సర్ అని ఉన్నా, ఇంజరీ అని ఉన్నా, పడక పుండు అని తెలుగులో ఉన్నా ఫరవాలేదు. చోటు, లోతు, తేదీ మూడూ ఉంటే తరువాత చూసే వైద్యుడికి అది అక్కరకు వస్తుంది.